ఎర్ర గోళ్ల గోరింక

మార్చి 20, 1994. ఆదివారం

నాకు జాలి లేదట.

అన్నది భాభీ. నాతో అనలేదు. అన్నం వడ్డిస్తూ భాయిజాన్ పళ్ళేనికి చెప్పింది. "పిట్టలను పట్టిచ్చే చేతులతోని రేపు నా బిడ్డకు లాల పోస్తదట." భాయిజాన్ పప్పు బాగుందన్నాడు. అంతే. మొన్న శుక్రవారం ఫోన్లో అమ్మది కూడా అదే పాట. "ఇంట్ల కడుపుతోని మనిషి ఉండంగ గోరింకలను చంపుడేంది ఫర్హీన్? ఇంత చదివినవు, గంత సోయి లేదా?" బహ్రెయిన్ నుంచి కోరుట్ల దాకా ఈ కబురు ఎవరు మోశారో నాకు తెలుసు.

మా ఇంట్లో నన్ను అర్థం చేసుకున్నవాళ్ళు లేరు. అపార్థం చేసుకోనివాళ్ళూ లేరు. దాదీ పోయిన రోజు నేను ఏడవలేదు, వచ్చినవాళ్ళకి నీళ్ళందించాను. ఆ రోజు నుంచి నేను రాయిని. బీఎస్సీలో జువాలజీ తీసుకుంటే కప్పలు కోసే పిల్లనయ్యాను. భాభీ కాన్పుకి సాయంగా ఉండమని ఇక్కడికి పంపారు. పంపిన వాళ్ళే ఇప్పుడు నన్ను ఆమె కడుపుకి దూరంగా ఉండమంటున్నారు.

బుదైయాలో బద్రియా మేడం తోటలో నేను చేసేది చంపడం కాదు, కాపాడడం. బుల్‌బుల్ ఈ దీవి పిట్ట. మన పిగిలిపిట్టకు చుట్టం. చెంపలు తెల్లగా, తోక కింద పసుపు అద్దినట్టు ఉంటుంది. గోరింకలు ఇక్కడివి కావు. ఎవరో పంజరాల్లో తెచ్చి వదిలారు, కొన్ని ఓడలెక్కి వచ్చాయంటారు. అవి బుల్‌బుల్ గూటి మీద పడి గుడ్లు పగలగొడతాయి, పిల్లల్ని కిందికి లాగేస్తాయి. నిరుడు మేడం తోటలో ఒక్క గూడూ దక్కలేదు. ఈ ఏడు ఒకే ఒక జంట మిగిలింది. నిమ్మచెట్టులో గూడు కడుతోంది.

దీన్ని భాభీకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ నా చేతుల వంకే చూసింది.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే అయినా ఇక్కడ తెలుగులోనే దిగుతుంది. భాభీ పాతబస్తీ పిల్ల, తెలుగు అక్షరం రాదు. నా దిండు కింద చెయ్యి పెట్టే అలవాటు మాత్రం ఉంది.

మార్చి 22, మంగళవారం

పొద్దున భాయిజాన్ మేడం కారులో నన్ను హమద్ టౌన్ నుంచి తోటకి తీసుకెళ్తాడు. ఆయన డ్రైవరు. దేవన్న తోట పని. నాది గోరింకల బోను పని. ముగ్గురికీ వీసా ఇప్పించిన కఫీల్ మేడమే. మా పాస్‌పోర్టులు మూడూ ఆమె సొరుగులో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి.

బోను మేడం గీసిచ్చిన బొమ్మ చూసి వెల్డింగు షాపువాడు చేశాడు. రెండు అరలు. ఒక అరలో ఎప్పుడూ ఒక గోరింక ఉంటుంది, నీళ్ళూ తిండీ పెట్టి. దాని అరుపు విని మిగతావి రెండో అరలోకి దిగుతాయి, మళ్ళీ బయటికి రాలేవు. ఆ ఎర గోరింకకు దేవన్న 'అల్లుడు' అని పేరు పెట్టాడు.

"కూసున్న కాడికి బువ్వ వస్తది, నీళ్ళు వస్తయి. ఇంటోళ్లందరిని ముంచుతడు. అల్లుడు గాక ఇంకేంది?"

పడినవాటిని దేవన్న తోలు చేతితొడుగులు వేసుకుని పెట్టెలోకి మారుస్తాడు, డిక్కీలో పెడతాడు. జిదాఫ్స్ మార్కెట్లో కోళ్ల దుకాణం వాడికి ఇస్తే వాడు క్షణంలో పని కానిస్తాడు. అక్కడ అప్పగించే పని భాయిజాన్‌ది. నేను ఆ దుకాణం చూడలేదు. చూడనక్కర్లేదని మేడం అన్నది. నాకూ చూడాలని లేదు. ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జిదాఫ్స్ తోటకి దగ్గర. అయినా భాయిజాన్ ముందు నన్ను హమద్ టౌన్‌లో దింపి, పెట్టెతో మళ్ళీ వెనక్కి వెళ్తాడు. పెట్టె వాసనకు నాకు తలనొప్పి వస్తుందని. నా తలనొప్పి గురించి ఆలోచించే మనిషి ఈ ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడు.

మార్చి 24, గురువారం

గూట్లో మూడు గుడ్లు. లేత గులాబీ మీద ఎర్ర చుక్కలు. మేడం స్టూలెక్కి చూసి, దిగి, మళ్ళీ ఎక్కి చూసింది.

మార్చి 25, శుక్రవారం

సెలవు. తోట లేని రోజు ఇంట్లో నేను మంచిదాన్ని. భాభీ కాళ్ళకు నూనె రాయమంది. రాశాను. కాళ్ళు వాచాయి పాపం. ఏడో నెల. ఇంతకు ముందు రెండు పోయాయి, ఒకటి ఐదో నెలలో, ఒకటి ఏడో నెలలో. అందుకే ఈ నెలంతా ఆమె గోడలు పట్టుకుని నడుస్తోంది.

తోట నుంచి రాగానే మాత్రం నన్ను గుమ్మంలోనే ఆపుతుంది. "ముందు పోయి తానం చెయ్యి. తలతో సహా. ఆ పిట్టల వాసన పోయినంకనే నా మొఖం చూడు." నేను స్నానాల గదిలో ఉన్నంతసేపూ మేడ మీద బట్టలు తీస్తూ తిరుగుతుంది. నడవలేని మనిషి, నా నుంచి తప్పించుకోవడానికి మాత్రం మెట్లెక్కుతుంది.

మార్చి 27, ఆదివారం

ఏదో తేడాగా ఉంది.

రోజూ బోను నిండుతోంది. రోజూ పెట్టె వెళ్తోంది. తోటలో గోరింకలు మాత్రం తగ్గడం లేదు. ఇవాళ పంపు గది మీద బారుగా కూర్చుని నన్ను చూశాయి. అందులో ఒకదానికి కంటి దగ్గర పసుపు చర్మం కాస్త చీలి ఉంది. అలాంటిది పోయిన వారం నా బోనులో పడింది. ఒకేలాంటివి రెండు ఉండకూడదని లేదు.

ఉండకూడదని లేదు. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు.

మార్చి 29, మంగళవారం

భాభీ అలమరలోంచి గోళ్ల రంగు తీసుకున్నాను. పెళ్ళినాటిది, ముదురెరుపు. గోళ్ల రంగు ఉంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ కుదరదని ఆమె ఎలాగూ వేసుకోదు. బోనులో పడిన ప్రతి గోరింకనూ దేవన్న పట్టుకుంటే నేను కాలి గోళ్ళకు పూశాను. దేవన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం బిడ్డా, పెండ్లికి తయారు జేస్తున్నవా? జెర కాటుక గూడ పెట్టరాదు."

"చచ్చేవాటిని గుర్తు పెట్టుకోవడానికి" అన్నాను.

"సచ్చెటియి గుర్తెందుకు?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు అతని ముఖం చూశాను. మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది.

మార్చి 30, బుధవారం

భాభీ గోళ్ల రంగు కోసం అలమర మొత్తం కిందికి దించింది. "ఇంట్ల దొంగలు పడ్డరు" అన్నది గోడతో. వేసుకోని వస్తువు కోసం ఇంత వెతుకులాట ఎందుకో.

ఏప్రిల్ 2, శనివారం

వచ్చింది.

గడ్డిలో, నీళ్ళ గొట్టం పక్కన, ఎర్రగోళ్ళతో, మహారాణిలా నడుస్తూ. నేను రంగు వేసిన పిట్టే. చచ్చి ఉండాల్సిన పిట్ట. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. నిమ్మచెట్టు వైపే చూస్తున్నాయి. తల్లి బుల్‌బుల్ గుడ్ల మీద నుంచి లేవకుండా అరుస్తోంది.

అంటే ఎవరో వదులుతున్నారు. బోనుకీ కోళ్ల దుకాణానికీ మధ్య.

దుకాణం వాడా? వాడికి వదిలితే ఏం వస్తుంది.

భాయిజానా? సిగ్నల్ దగ్గర పిల్లి అడ్డొస్తే వెనక నుంచి అందరూ హారన్ కొడుతున్నా కారు కదిలించని మనిషి ఆయన. అబద్ధం చెప్పాలంటే చెవులు ఎర్రబడతాయి. పైగా పెట్టెలోకి చూడడం ఆయనకిష్టం ఉండదు. డిక్కీలో పెట్టింది మోస్తాడు, అంతే.

మిగిలింది దేవన్న. బోనులోంచి పెట్టెలోకి మార్చేది అతనే. పంపు గది వెనక్కి తీసుకెళ్ళి కట్టుతీగ బిగిస్తాడు. అక్కడ ఏం చేస్తాడో ఎవరు చూశారు? సగం పెట్టి సగం వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఏప్రిల్ 3, ఆదివారం

ఇవాళ దేవన్న అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. టిఫిను అడుగున మిగిలిన మెతుకులు గడ్డిలోకి విసిరాడు. గోరింకలు దిగాయి.

"వాటికి అన్నం పెడుతున్నావా దేవన్నా?"

"పెడితే ఏమైంది? గోరెంకలు జంటగ అవుపడితే మంచిది బిడ్డా. మా మెట్‌పల్లిల అనరా, మీ కోరుట్లల అనరా?"

"ఇక్కడ అవి పిట్ట పిల్లల్ని చంపుతున్నాయి."

"మనమొచ్చినట్టే అవొచ్చినయి. మనకు వీసా ఉన్నది, వాటికి లేదు. గంతే కత." నవ్వాడు. "మేడం పట్టుమన్నది, పడుతున్న. పెట్టెల ఎయ్యమన్నది, ఏస్తున్న. తిండి పెట్టద్దని చెప్పలే గద?"

"ఎర్రగోళ్లవి మళ్ళీ వచ్చాయి. చూశావా?"

"నేనెందుకు సూస్త? అల్లున్ని సూసుకునుడే సరిపాయె."

చూడలేదట. పొద్దంతా ఆ గడ్డిలోనే ఉండే మనిషి చూడలేదట.

ఏప్రిల్ 4, సోమవారం

వంటింటి కిటికీ బయట ఏసీ డబ్బా మీద ఒక గోరింక. హమద్ టౌన్‌లో కూడా ఎక్కువైపోతున్నాయి. కాలికి ఏదో ఎర్రగా ఉంది. డబ్బా తుప్పు అయి ఉంటుంది.

ఏప్రిల్ 5, మంగళవారం

పిల్లలు బయటికి వచ్చాయి. మూడూ. ఈకలు లేవు, కళ్ళు తెరవలేదు, నోళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. ఒంటి కంటే నోరు పెద్దది.

మేడం చాయ్ తెప్పించింది. వాళ్ళ నాన్న భుజం మీద ఒక బుల్‌బుల్ కూర్చుని ఉండేదట, ఖర్జూరం కొరికి పెడితే నోట్లోంచి అందుకునేదట. తోటలో అప్పట్లో పొద్దున లేస్తే వాటి గొంతే వినబడేదని చెప్పింది. అరబ్బీ కలిసిన ఆమె హిందీ సగమే అర్థమవుతుంది. కళ్ళు తుడుచుకోవడం పూర్తిగా అర్థమైంది. అప్పుడు చెప్పాను, ఎర్రగోళ్ల సంగతి.

ఆమె ముఖం మారిపోయింది. ఎవరు వదులుతున్నారని అడిగింది. తెలియదన్నాను. పెట్టె కారులో పెట్టేది ఎవరని అడిగింది. దేవన్న అన్నాను.

నేను ఎవరి పేరూ చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పాను.

భాయిజాన్‌ను కూడా పిలిచి అడిగింది. "పెట్టె మూసే ఉంటది మేడం. లోపల నేను చూడను" అన్నాడు. నేను అనుకున్నదే.

ఏప్రిల్ 6, బుధవారం

దేవన్న ఖలాస్, పని పోయింది. వచ్చే బుధవారం బొంబాయి విమానానికి టికెట్. ఆ లోపు తోటలో అడుగు పెట్టకూడదు, పంపు గది పక్కన తన గదిలోనే ఉండాలి. మేడం గట్టిగా కూడా అరవలేదు. అతని పాస్‌పోర్టు సొరుగులోంచి తీసి బల్ల మీద విడిగా పెట్టింది.

మధ్యాహ్నం అతని గది ముందు నుంచి వెళ్తుంటే పిలిచాడు.

"ఫర్హీన్ బిడ్డా, జెర ఇటు రా. నువ్వే చెప్పినవట గద?"

"నేను ఎవరి పేరూ చెప్పలేదు దేవన్నా."

"పేరు చెప్పలె. ఏలు సూపిచ్చినవ్." మంచం మీద లుంగీ మడుస్తున్నాడు, మడిచిందే మళ్ళీ మడుస్తున్నాడు. "దుబాయికి పోయినోడు తాగి లొల్లి చేసి ఇంటికొచ్చిండంటే మావోళ్లు నమ్ముతరు. దొంగతనం చేసిండన్నా నమ్ముతరు. గోరెంకల కేసుల పంపిచ్చిండ్రంటే నా పెండ్లాం రాములవ్వ ఏమనాలె చెప్పు? నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

"నువ్వు వదల్లేదా మరి?"

"వదిలితె వదిలిన అంటుంటి. నాకేం బయమా? మళ్ల ఈ దేశంల అడుగు పెట్టనియ్యరట, అది బయం." లుంగీ పక్కన పడేశాడు. "పో బిడ్డా. అల్లునికి నీళ్లు పెట్టు. వానికి తెల్వదు గద ఎవడు పెడుతున్నడో."

అబద్ధం చెప్పేవాళ్ళు చాలామంది ఇలాగే ధీమాగా మాట్లాడతారు. నేను ఎవరి పేరూ చెప్పలేదు.

కారులో భాయిజాన్ చెవులు ఎర్రగా ఉన్నాయి. ఎండ. పైగా దేవన్నతో ఆయనకు స్నేహం, బాధ ఉండదా.

ఏప్రిల్ 7, గురువారం

ఇవాళ బోనులోంచి పెట్టెలోకి నేనే మార్చాను. నేనే రంగు పూశాను, నేనే తీగ బిగించాను, నేనే డిక్కీలో పెట్టాను. దేవన్న చెయ్యి పడలేదు. దీంతో తేలిపోతుందనుకున్నాను.

తేలిపోయింది.

ఇంటికి రాగానే గుమ్మంలో భాభీ. "తానం." వెళ్ళాను. తలకు సబ్బు రాసుకున్నాక నీళ్ళు ఆగిపోయాయి. పిలిచాను. ఎవరూ పలకలేదు. టాంకు ఖాళీ అయి ఉంటుందని బట్టలు తొడుక్కుని, తలకు చున్నీ కప్పుకుని మేడ మెట్లెక్కాను.

భాభీ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. కొంగు తల మీదుగా లాక్కుంది. ఆమె కాళ్ళ దగ్గర నా పెట్టె. నేను బిగించిన తీగ విప్పి పక్కన పెట్టి ఉంది, చక్కగా చుట్టి, మళ్ళీ వాడుకోవడానికి. భాయిజాన్ చేతిరుమాలులో ఒక గోరింకను పట్టుకుని భాభీ తల చుట్టూ తిప్పుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏడుసార్లు తిప్పి ఆమె కడుపుకి ఒకసారి తాకించి పైకి ఎగరేశాడు. ఎర్రగోళ్ళు. అది టాంకు మీద వాలి, ఒళ్ళు దులుపుకుని, బుదైయా వైపు వెళ్ళిపోయింది.

సద్కా. హైదరాబాదులో మొక్కు చెప్పుకుని పంజరంలో పిట్టను కొని దిష్టి తీసి వదులుతారు. పిట్ట ఎగిరిపోతే గండం దానితో పోతుంది. చార్మినార్ దగ్గర చిన్నప్పుడు నేనూ చూశాను.

భాభీ నవ్వుతోంది. నేను వచ్చిన మూడు నెలల్లో ఆమె పళ్ళు చూడడం ఇదే మొదటిసారి. భాయిజాన్ కూడా నవ్వుతున్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఉన్నారు.

"పంపు వెయ్యండి, నీళ్ళు రావడం లేదు" అన్నాను. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట అదే.

భాయిజాన్ పెట్టె మీద మూత పెట్టబోయాడు. లోపలున్నవి కొట్టుకున్నాయి. మూత పడలేదు.

"రోజూనా?" అన్నాను.

"ఇందులో తప్పేముంది" అన్నాడు. తర్వాత, "మతంల లేదని నాకు తెలుసు ఫర్హీన్. ఆమె మనసుకోసం."

"కోళ్ల దుకాణం?"

"ఎన్నడు పోలే."

భాభీ స్టూలు మీది నుంచి లేవలేదు. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుంది, నేను ఎత్తుకుపోతానన్నట్టు. "కొనుక్కొచ్చిన పిట్టను వదిలితే ఒక పుణ్యం. కోసేటి పిట్టను వదిలితే వెయ్యి పుణ్యాలు. నువ్వు చంపనీకి పట్టుకొస్తున్నవ్, మేం బతికిస్తున్నం. నీ పాపం సుత మేమే కడుగుతున్నం. దానికి గూడ కోపమేనా?"

"అవి తోటకే తిరిగి వస్తున్నాయి భాభీ. అక్కడ పిల్లలున్నాయి గూట్లో."

"పిట్ట పిల్లలు. నా రెండు పోయినయి. గప్పుడు నువ్వు ఏడ్చినవా? ఫోన్ల 'సబర్ చెయ్యి, ఓర్సుకో' అన్నవ్. పిట్ట పిల్లలకు మాత్రం కండ్లల్ల నీళ్లొస్తున్నయి. ఎవరికి జాలి లేదో ఇప్పుడు చెప్పు."

సబ్బు కళ్ళల్లోకి దిగుతోంది.

ఏప్రిల్ 8, శుక్రవారం

నమాజు నుంచి వచ్చి భాయిజాన్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"దేవన్న పోతే ఒక్క మనిషి పోతడు" అన్నాడు. "నేను పోతే ఆమెను తీసుకపోవాలె, నువ్వు గూడ పోవాలె. ఏడో నెలల విమానం. దారిల ఏమన్న అయితే?"

"మొన్ననే దేవన్నను పంపించొద్దని మేడంకి చెప్పి ఉండొచ్చు కదా నువ్వు."

"ఎట్ల చెప్పాలె?"

"పెట్టె నేను తెరిచాను అని."

"నువ్వే గద దేవన్న పేరు చెప్పినవ్" అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆయనకు గట్టిగా మాట్లాడడం రాదు. చిన్నప్పుడు నా దెబ్బలన్నీ ఆయనే తినేవాడు, గాజు పగలగొట్టింది నేనైనా అబ్బాకి తనే చెయ్యి చాపేవాడు. ఆ చెయ్యే నిన్న పిట్టను తిప్పింది.

నేను ఎవరి పేరూ

ఏప్రిల్ 9, శనివారం

గూడు ఖాళీ.

ఒకటి చెట్టు మొదట్లో, ఒకటి నీళ్ళ కాలువలో. మూడోది దొరకలేదు. ఈకలు అప్పుడే మొలుస్తున్నాయి, రెక్కల అంచుల్లో సూదిమొనల్లా. చీమలు పట్టాయి. తల్లీ తండ్రీ తీగ మీద కూర్చుని అరుస్తూనే ఉన్నాయి, ఖర్జూరం పెట్టినా దిగలేదు.

గూటి అంచు మీద గోరింక ఉంది. ఎర్రగోళ్ళు. రంగు ఇంకా మెరుస్తోంది. గురువారం పూసిందే. నన్ను చూసి ఎగరలేదు. చేతికి అందినంత దగ్గరికి వెళ్ళాక ఎగిరింది.

మేడం వచ్చి చూసింది. నేలమీద కూర్చుని వాటిని చేతిరుమాలులో చుట్టింది. "ఆ దేవన్న" అన్నది. తర్వాత అరబ్బీలో ఏదో అన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పలేదు.

భాయిజాన్ కారు తుడుస్తున్నాడు. దూరం నుంచే చూశాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ఏప్రిల్ 10, ఆదివారం

భాభీ ఇవాళ నాకు ఇష్టమని ఖట్టీ దాల్ చేసింది. గుమ్మంలో ఆపలేదు, స్నానం సంగతి ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది. బిడ్డ తన్నింది. గట్టిగా, రెండుసార్లు.

"చూసినవా, ఎంత జోరుగున్నదో. ఆడపిల్ల పుడితే నీ పేరే పెడుత" అన్నది.

ఈ ఇంట్లో నా చెయ్యి శుభ్రం కావడానికి ఒక్క గురువారం పట్టింది. నేను నోరు మూసుకుంటే రేపు కూడా దాల్ ఉంటుంది. పాపకు నా పేరుంటుంది. అమ్మకు ఫోన్లో నేను బంగారమని చెబుతుంది. ఇన్నేళ్ళకు నన్ను మంచిదాన్ని అంటున్నారు. ఎందుకు అంటున్నారో నాకు తెలుసు.

బిడ్డ తన్నిన చోటు చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. అది అబద్ధం కాదు.

సాయంత్రం మేడ మీదికి వెళ్ళాను. స్టూలు అలాగే ఉంది. టాంకు అంచు మీద రెట్టలు, ఇన్నాళ్ళవి. నేను ఒక్కసారి మెట్లెక్కి ఉంటే చాలు. ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూశాను, దేవన్న మెతుకుల్ని కూడా చూశాను. మా ఇంటి మేడ తప్ప.

ఏప్రిల్ 11, సోమవారం

దేవన్న తన సామాను పెట్టె కట్టేశాడు. తాడు కోసం పంపు గదిలోకి వచ్చి, నేనున్నానని చూసి, ఆగిపోయాడు.

"అల్లుడు ఎట్లున్నడు?"

"తింటున్నాడు."

"తింటడు. వానికేంది." తాడు తీసుకున్నాడు. "పిల్లలు సచ్చినయట గద. మేడం నన్ను తిట్టుకుంట ఏడ్చింది. అప్పటికే నేను తోటలకు రాక మూడొద్దులాయె, గా సంగతి సుత యాదికి రాలే ఆమెకు." నా వైపు చూశాడు. "నీకు యాదికి వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది."

తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వచ్చేటప్పుడు కారులో భాయిజాన్ అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏమాలోచిస్తున్నవ్?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను. ఆయన నమ్మలేదు. మంచిదే.

రేపు పొద్దున తోటకి చేరగానే, మేడం చాయ్ ముందు కూర్చున్నప్పుడు చెబుతాను. భాయిజాన్‌ను కూడా అక్కడే నిలబడమంటాను, ఆయన లేనప్పుడు చాటుగా చెప్పను. మేడం మా వీసాలు రద్దు చేస్తే మేము వెళ్ళిపోతాం. భాభీ కాన్పు కోరుట్లలో అవుతుంది, నేనే పక్కన ఉంటాను, ఉండనిస్తే. బోనులో ఇవాళ పడినవాటిని నేనే జిదాఫ్స్‌కి తీసుకెళ్ళి, వాడి పని అయిపోయేదాకా అక్కడే ఉండి చూస్తాను.

దేవన్న విమానం ఎల్లుండి. రేపు పేరు చెబుతాను. అహ్తెషామ్. మా అన్న.